ఓపీ చీటీలో దశ ఉంది, అవస్థ లేదు

సంపాదకులకు నమస్కారం.

గర్భసంచి జారడం గురించి మీ ఆరోగ్యం పేజీలో డాక్టరు గారు రాసింది చదివాను. దశలు, జారకుండా లోపల పెట్టే రింగు, ఆపరేషన్ అన్నీ అర్థమయ్యేలా చెప్పారు. ఆ జబ్బుతో మనిషి రోజంతా ఎలా నెట్టుకొస్తోందో కనుక్కోవడం మాత్రం పరీక్షలో భాగంగా ఎక్కడా కనిపించలేదు. పల్నాడులో ఏఎన్ఎంగా చేసి రిటైరైనదాన్ని, అందుకే ఈ ఉత్తరం.

ఇప్పుడు దశలు వేసేది 1996లో వచ్చిన కొలతతో. ముక్కమని, యోని ద్వారం దగ్గరి పొర నుంచి ఎంత కిందికి దిగిందో సెంటీమీటర్లలో చూస్తారు. మంచి పద్ధతే. కానీ చూసేది పొద్దున ఓపీలో, బల్ల మీద పడుకోబెట్టి. పడుకుంటే అది లోపలికి పోతుంది, పొద్దెక్కేకొద్దీ దిగుతుంది. అదే మనిషిని రోజంతా వంగి మిరపకాయలు కోసి, గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చాక చూడండి.

ఒకామె నాతో అన్నది: "ఒంటికి కూర్చుంటే రాదు నర్సమ్మా, వేలితో లోపలికి నెట్టుకుంటేనే వస్తుంది." చేలో పదిమందిలో ఆ పని చెయ్యలేక పొద్దుటినుంచే నీళ్లు తాగడం మానేసేది. పాత నూలు చీర చింపి, మడతలు పెట్టి గోచీలా బిగించుకునేది. తొడలు ఒరుసుకుపోయి పుండ్లు పడ్డాయి. ఆమె చీటీలో రెండో దశ అని రాసి, పర్లేదని పంపించారు. మూడో దశలో ఉండి కూడా పెద్ద ఇబ్బందేం లేదన్నవాళ్లూ నాకు తెలుసు. దశకీ బాధకీ లెక్క కుదరదు.

ఈ తేడా తెలియడానికే 2005లో పీ-క్యూఓఎల్ అనే ప్రశ్నపత్రం వచ్చింది. 20 ప్రశ్నలు. ఇంటిపని సాగుతోందా, ప్రయాణం చెయ్యగలవా, నిద్ర పడుతోందా, దిగులుగా ఉంటోందా, కాపురం ఎలా ఉంది, గుడ్డ అడ్డం పెట్టుకోవాల్సి వస్తోందా, లోపలికి నెట్టుకోవాల్సి వస్తోందా. ఒక్కో విషయానికి 0 నుంచి 100 దాకా మార్కులు, ఎక్కువ వస్తే అవస్థ అంత ఎక్కువ. ఇంగ్లండులో తయారైంది కాబట్టి ఒంటి శ్రమ అనగానే నడక, పరుగు, ఆటలు, జిమ్. మనవాళ్లను జిమ్ అని అడిగితే నవ్విపోతారు. నాట్లు వెయ్యగలవా, బిందె ఎత్తగలవా, బస్సులో గంటసేపు కూర్చోగలవా అని అడగాలి. అలా మార్చినవి మన ఆడవాళ్ల దగ్గరే సరిచూసుకోవాలి. ఓపిక కావాలి గానీ పెద్ద ఖర్చు కాదు.

ఆపరేషన్‌కు ముందూ, కొన్ని నెలల తర్వాతా ఇవే ప్రశ్నలు అడిగితే ఫలితం బయటపడుతుంది. కొందరికి అప్పటిదాకా లేనిది, దగ్గితే మూత్రం పడటం ఆపరేషన్ తర్వాతే మొదలవుతుంది. సంచి తీసేసినా కొందరికి యోని పైభాగం మళ్లీ జారుతుంది. కుట్లు మానాయి కదా, కేసు షీటులో మాత్రం "బాగుంది". 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఆంధ్రాలో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశం మొత్తం మీద 3.2. అందరికీ జారడం వల్లే తీయలేదు లెండి. తీసిన సంచుల లెక్క ఉంది. తీశాక వాళ్లెలా ఉన్నారో రాసుకునే గడి నేను నింపిన ఏ రిజిస్టర్లోనూ లేదు.

బీపీ, షుగర్, క్యాన్సర్ల కోసం 30 దాటినవాళ్లను ఇళ్లకెళ్లి అడుగుతూనే ఉన్నారు. ఆ ఫారంలోనే రెండు ప్రశ్నలు చేర్చమని వైద్యశాఖను కోరుతున్నాను: కింద గడ్డలా ఏమైనా తగులుతోందా? దానివల్ల ఏ పని మానేశావు? ముందే తెలిస్తే వ్యాయామంతోనో రింగుతోనో చాలామందికి తేలికపడుతుంది.

అడిగేటప్పుడు అత్తగారినీ, కొడుకునీ కాసేపు బయట కూర్చోబెట్టండి. భర్త పక్కనుంటే కాపురం ప్రశ్నకు "బాగానే ఉందమ్మా" అనే జవాబొస్తుంది.

– ఒక రిటైర్డ్ ఏఎన్ఎం, సత్తెనపల్లి
(పేరు వేయవద్దని మనవి)