ఈ ఆదివారం: అంతరిక్షంలో రోబోల కూర్పు పని

అందరికీ నమస్కారం. సాయంత్రం 5కి ఆర్కే బీచ్‌లో, కాళీమాత గుడి ఎదురుగా కలుద్దాం.

మన షిప్‌యార్డ్‌లో ఓడను బ్లాకులుగా చేసి, క్రేన్‌తో ఎత్తి కలుపుతారు కదా, పైనా అదే పద్ధతి. రాకెట్లో పట్టనంత పెద్దవాటిని ముక్కలుగా పంపి అక్కడే కూర్చాలి. 109 మీటర్ల అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం అలా వచ్చిందే. 2001లో అక్కడికి చేరిన కెనడార్మ్2 అనే రోబో చెయ్యి పొడవు 17.6 మీటర్లు. రెండు చివర్లా పట్టు ఉంటుంది. ఒక చివరతో పట్టుకుని, రెండోది వదిలి, అచ్చం జలగలా ముందుకు జరుగుతుంది!

నా మనసంతా మాత్రం 2024 డిసెంబరు 30న పీఎస్‌ఎల్‌వీ-సీ60లో ఇస్రో పంపిన ఏడు కీళ్ల చెయ్యి మీదే. అదీ నడిచే రకమే.

పిల్లల్ని తప్పకుండా తీసుకురండి. ఆ నడక ఎలా ఉంటుందో పుల్లలూ బట్టల క్లిప్పులతో చేసి చూపిస్తాను.