పెళ్లి భోజనాల్లో చెవి మిషన్

సంపాదకుడి గారికి,

మా నాన్నగారికి చెవి మిషన్ ఉంది. ఇంట్లో బాగానే పనిచేస్తుంది, కానీ మొన్న ఒక పెళ్లిలో భోజనాలకి కూర్చోగానే దాన్ని తీసి చొక్కా జేబులో వేసుకున్నారు. ఏమైందంటే, పక్కనున్న బావగారి మాట కంటే గరిటెల చప్పుడే గట్టిగా వినిపిస్తోందట! చప్పుడు తగ్గించే ఏర్పాటు ఉన్నా, నలుగురూ ఒకేసారి మాట్లాడుతుంటే మనకి ఎవరి మాట కావాలో మిషన్‌కి ఎలా తెలుస్తుంది?

మెదడుకి మాత్రం తెలుసు. ఇద్దరు ఒకేసారి మాట్లాడుతున్నా మనం మనసు పెట్టి వినే గొంతు జాడే మెదడులో బలంగా కనిపిస్తుందని 2012లో నీమా మెస్గరాని, ఎడ్వర్డ్ చాంగ్ అనే పరిశోధకులు చూపించారు. 2019లో కొలంబియా యూనివర్సిటీలో మెస్గరాని బృందం ఇంకాస్త ముందుకెళ్లి, కలగలిసిన గొంతుల్ని కంప్యూటర్‌తో విడదీసి, మెదడు సంకేతంతో సరిపోలిన గొంతును మాత్రమే పెంచింది, అవి కంప్యూటర్‌కి కొత్త గొంతులైనా సరే.

అయితే ఇదంతా మూర్ఛ వైద్యం కోసం మెదడులో సంకేతాల్ని అందుకునే ఎలక్ట్రోడ్లు పెట్టించుకున్నవాళ్లతో చేసిన పని. తలపైన అతికించే ఎలక్ట్రోడ్లతోనూ ప్రయత్నిస్తున్నారు గానీ, అక్కడ సంకేతం బలహీనం, ఎవరి మాట వింటున్నామో తేల్చడానికే కొన్ని సెకన్లు పడుతుంది, ఈలోగా బావగారు వేరే మాటలోకి వెళ్లిపోతారు. పేపర్లలో ఇలాంటి వార్తలు వేసేటప్పుడు ఈ సంగతి కూడా రాయండి. లేకపోతే మా నాన్నగారిలా 'మెదడు మాట వినే మిషన్ వచ్చాక కొనుక్కుంటాలే' అని పాత మిషన్ బ్యాటరీ మార్చడం కూడా మానేస్తారు.

ఆ రోజు ఆయన్ని మూల బల్ల దగ్గర, గోడకి వీపు ఆనించి, బావగారికి ఎదురుగా కూర్చోబెట్టాం. పెరుగు వడ్డించేసరికి మిషన్ జేబులోంచి మళ్లీ చెవికి చేరింది.

ఒక పాఠకురాలు,
రాజమండ్రి