డిసెంబర్ 8 స్థానిక సెలవు కోసం వినతిపత్రం

అందరికీ వందనాలు. విశాఖలో రాస్ హిల్ కొండ మీది మరియమాత చర్చిలో డిసెంబర్ 8న జరిగే నిష్కళంకమాత పండుగకు సెలవు అడుగుదామని ఆదివారం పూజ తర్వాత అనుకున్నాం కదా, ఆ విషయమే ఇది.

మరియమాత జన్మపాపం సోకకుండా తన తల్లి గర్భంలో పడిందన్నదే ఈ పండుగ అర్థం. ఆ నమ్మకాన్ని 1854లో పోపు తొమ్మిదో పయస్ విశ్వాస సత్యంగా ప్రకటించారు. ఫిలిప్పీన్స్‌లో 2017లో ఏకంగా చట్టం చేసి, డిసెంబర్ 8ని దేశమంతటా సెలవు చేశారు. అంత దూరం ఎందుకు, గోవాలో డిసెంబర్ 3న ఫ్రాన్సిస్ జేవియర్ పండుగకు ప్రభుత్వ సెలవు ఉంది. మనం అడిగేది జిల్లా వరకే, స్థానిక సెలవు.

పోయినేడాది మా అమ్మ తెల్లవారుజామున కొండ మెట్లు ఎక్కింది. చేతిలో కొవ్వొత్తి, గాలికి ఆరిపోకుండా కొంగు అడ్డం పెట్టుకుని. నేను మాత్రం షిఫ్ట్‌కి పరుగెత్తాను, సెలవు ఇవ్వలేదు. కింద నుంచి గంట వినిపిస్తుంటే కళ్ళు చెమర్చాయి. మనలో చాలామందిది ఇదే పరిస్థితి, పిల్లలకైతే పరీక్షల టెన్షన్ కూడా.

పక్క కొండల మీద గుడి, దర్గా ఉన్నాయి కదా. ఆ భక్తుల సంతకాలు కూడా అడుగుదాం, కాదనరని నా నమ్మకం. ఈ ఊరు అలాంటిది.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. వినతిపత్రం తెలుగులో రాసి ఉంచాను. శనివారం సాయంత్రం నొవేనా (తొమ్మిది రోజుల ప్రార్థన) అయ్యాక చర్చి గుమ్మం దగ్గర ఉంటాను, వచ్చి సంతకం పెట్టండి. పెద్దవాళ్ళని మెట్లు ఎక్కించొద్దు, కాగితం నేనే ఇంటికి తెస్తాను. ఎవరింటికి రావాలో ఇక్కడే చెప్పండి.