ఈక అడిగితే ఇచ్చేవాళ్ళు

పర్లాకిమిడి
ఆదివారం పొద్దున్న

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం కులాసా. ఈ చలికి మీ అమ్మ మోకాలి నొప్పి కాస్త ఎక్కువైంది గానీ నువ్వు కంగారు పడేంత ఏం లేదు. వెనక వీధి అబ్బాయి వచ్చేవారం దుబాయ్ వస్తున్నాడు. కందిపొడి, చింతకాయ పచ్చడి అతని చేతికిస్తున్నాం. ఆ సంచిలోనే ఈ ఉత్తరం పెడుతున్నాను. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఉత్తరం ఏమిటంటావేమో. ఫోన్లో నువ్వు "బాగానే ఉన్నాను నాన్నా" అంటావు, నేను "జాగ్రత్తమ్మా" అంటాను, అక్కడితో అయిపోతుంది. మొన్న రాత్రి నువ్వడిగిన దానికి జవాబు అలా చెప్పేది కాదు.

"ఇక్కడ నాకంటూ ఎవరూ లేరు" అన్నావు. నువ్వు పనిచేసే పక్షుల ఆస్పత్రికి డేగల్ని తెచ్చే ఆ పెద్దాయన, తన భార్యా కోడళ్ళూ వస్తున్నారు, నువ్వూ ఎడారి గుడారాలకి నాలుగు రోజులు రా అని పిలిచాడని, వెళ్ళాలని ఉన్నా వెళ్ళడానికి మనసు ఒప్పడం లేదని అన్నావు. "నేను వైద్యం చేసేదాన్ని, వాళ్ళు ఎగరేసేవాళ్ళు, వాళ్ళ మధ్య నేనెవర్ని" అని అడిగావు. నేనప్పుడు ఏమీ అనలేకపోయాను. తెల్లారి నా చిన్ననాటి నేస్తం, గేదె కొమ్ముతో పని చేసే మౌసా దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను.

ముందు పోయిన నెల నువ్వు చెప్పిన ఈక సంగతి. నువ్వు మామూలుగా చెప్పేశావు, నాకు మాత్రం ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. భైరి డేగ, ఇంగ్లీషులో పెరిగ్రిన్ అంటారే అది, ఒకటి రెక్కలో పెద్ద ఈక విరగ్గొట్టుకుని వచ్చింది. దాన్ని అలాగే వదిలేస్తే పక్క ఈకల మీద భారం పడి అవీ విరుగుతాయి, పాత ఈకలు రాల్చి కొత్తవి వచ్చేదాకా పక్షి తిన్నగా ఎగరలేదు. అందుకని రాలిన ఈక ఒకటి తెచ్చి అతకాలి. ఏదో ఒకటి అయితే కుదరదు. అదే జాతిది కావాలి, ఆడదైతే ఆడదానిదే కావాలి, కుడిరెక్కదైతే కుడిరెక్కదే కావాలి. రెక్క కొసనుండే పది పెద్ద ఈకల్లో విరిగింది ఎన్నోదైతే తెచ్చేదీ అన్నోదే కావాలి. మీ డబ్బాల్లో ఆ కొలతకి దొరకలేదు. హాల్లో తన పక్షిని చేతి మీద పెట్టుకుని కూర్చున్న ఒకాయన లేచాడు. పోటీల్లో ఆ విరిగిన పక్షి యజమాని మీద ఏటా పోటీకి దిగేవాడే. గంటన్నర బండి నడిపి ఇంటికి పోయి, నిరుడు తన డేగ రాల్చిన ఈకల్ని వరస తప్పకుండా చుట్టి దాచుకున్న పొట్లం తెచ్చి నీ బల్ల మీద విప్పాడు. నువ్వు విరిగిన ఈక కాడని కోసి, లోపల సన్నటి పుల్ల దూర్చి, రెండో సగం దాని మీద ఎక్కించి, జిగురు ఆరేదాకా వేళ్ళతో పట్టుకుని ఉంటే, ఆ ఇద్దరు మగాళ్ళూ గోడవారన ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి ఊపిరి బిగబట్టి చూస్తున్నారన్నావు.

తల్లీ, తను ఓడించాల్సిన పక్షికి తన ఈక ఇచ్చాడు ఆ మనిషి. ఆ గదిలో నువ్వూ ఉన్నావు. నీ చేతిలోనే ఆ ఈక అతికింది. మరి నీకంటూ ఎవరూ లేరని ఎలా అన్నావో నాకు తెలీలేదు.

ఇప్పుడు నీకు తెలియని సంగతి ఒకటి చెప్తాను. మౌసా, నేను చిన్నప్పుడు రెండేళ్ళు మాట్లాడుకోలేదని నీకు తెలుసు. ఎందుకో ఇద్దరం ఎవరికీ చెప్పలేదు.

అప్పట్లో మా వీధి చివర ఒక తాత ఉండేవాడు. పడుచుతనంలో ఎక్కడో దివాణంలో డేగల్ని సాకే కొలువు చేశానని చెప్పేవాడు. నేనూ మౌసా బడి వదలగానే ఆయన అరుగు మీదకి చేరేవాళ్ళం. నేను తెలుగులో అడిగేవాణ్ణి, మౌసా ఒడియాలో అడిగేవాడు, ఆయన రెండూ కలిపి జవాబిచ్చేవాడు. జాలె డేగ, భైరి, వేస్తాప డేగ, అడవి రామదాసు, ఈ పేర్లన్నీ ఆయన నోట విన్నవే. ఒడియాలో డేగని ఛంచాణ అంటారు, అదీ ఆయనే చెప్పాడు. జాలె డేగని గుప్పిట్లో పట్టి, ఈటె విసిరినట్టు కముజు పిట్ట మీదకి ఎలా విసిరేవారో ఉత్త చేత్తో చేసి చూపించేవాడు. తూకం వేసే త్రాసు ఉండేది కాదట, రొమ్ము ఎముకకి అటూ ఇటూ బొటనవేలితో తడిమి కండ ఎంతుందో చూసి ఆ పూట తిండి ఎంత పెట్టాలో తేల్చేవారట. నువ్వు రోజూ గ్రాముల్లో రాసుకునే లెక్క ఆయన బొటనవేలికి తెలుసు. (చాలా ఏళ్ళ తరవాత తెలిసింది, జెర్డన్ అనే దొర 1836లో మద్రాసు కొలువుకొచ్చి మొదట మన గంజాం వైపే డాక్టరుగా పనిచేశాడని, ఆ తరవాత రాసిన పక్షుల పుస్తకంలో ఈ తెలుగు పేర్లే ఎక్కించాడని. తాత అరుగు మీద విన్న మాటలు అచ్చులో చూసినప్పుడు నా కళ్ళు చెమర్చాయి.)

ఆయన ఒక్కటే గట్టిగా చెప్పేవాడు. గూట్లోంచి పిల్లని తేవద్దు, తెస్తే అది మనిషినే తల్లనుకుని బతికినన్నాళ్ళూ తిండికి అరుస్తూనే ఉంటుంది అని.

1971 ఎండాకాలం సెలవుల్లో మేం తెచ్చాం. మహేంద్రతనయ ఒడ్డున మామిడితోటలో కాకిగూడు లాంటి పుల్లల గూడు. మౌసా ఎక్కాడు, నేను కింద తువ్వాలు పట్టాను. తెల్లటి నూగు, నల్లటి చిన్న ముక్కు, గోళ్ళు మాత్రం అప్పుడే పెద్దవి. వాళ్ళ పెరట్లో కొమ్ములు దాచే పాకలో పెట్టాం. తాతకి చెబితే తిడతాడని చెప్పలేదు. మా నాన్న ఇచ్చిన డబ్బులూ వాళ్ళమ్మ ఇచ్చిన డబ్బులూ కలిపి మేక మాంసం కొనేవాళ్ళం. ఎముక గొంతుకి అడ్డం పడుతుందని ఏరేసి, మెత్తటి కండ మాత్రం గోరంత ముక్కలు కోసి పెట్టేవాళ్ళం. అంత ప్రేమగా పెంచాం. ఈకలు వచ్చాయి, కళ్ళు పచ్చబడ్డాయి. కాళ్ళు మాత్రం వంకర తిరగసాగాయి. ఒకరోజు పొద్దున్న వెళ్ళి చూస్తే ఒక కాలు విరిగి పక్కకి వాలిపోయి ఉంది. మూడో రోజున చచ్చిపోయింది.

నేను చేతిలోంచి జారవిడిచానని మౌసా అన్నాడు. నువ్వు తాడు బిగించి కట్టావని నేనన్నాను. ఇద్దరం కొట్టుకున్నాం కూడా. బడిలో ఒకే బెంచీ వాళ్ళం వేరే బెంచీలకి మారిపోయాం. తాత ఆ ఏడాది చలికాలంలో పోయాడు. ఆయనకి చెప్పలేదన్నది నాలో ఇప్పటికీ ఉంది.

రెండేళ్ళ తరవాత ఒక సాయంత్రం నేను ఏటి ఒడ్డున ఉన్నాను. కాస్త దూరంలో మౌసా కూడా ఉన్నాడు, చూసీ చూడనట్టున్నాం. పావురాల గుంపొకటి ఏరు దాటుతోంది. పైనుంచి ఏదో రాయి పడ్డట్టు పడింది. రెక్కలు పూర్తిగా ముడుచుకుని ఉంది. ఆ చప్పుడు, బట్ట చించినట్టు, ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. గుంపు చెల్లాచెదురైంది, గాలిలో నాలుగు ఈకలు తేలుతూ మిగిలాయి. భైరి. తాత చెప్పగా విన్నదే తప్ప మేం ఎన్నడూ చూసింది కాదు. ఊరు మొత్తంలో నేనా సంగతి చెప్పుకోదగ్గ మనిషి ఒక్కడే ఉన్నాడు, వాడు ఇరవై గజాల దూరంలో నిలబడి నా వైపే చూస్తున్నాడు.

"చూశావా?" అన్నాడు.

"చూశాను" అన్నాను.

అంతే. ఆ రోజునించి ఇప్పటిదాకా, యాభై ఏళ్ళు.

పిల్ల ఎందుకు చచ్చిపోయిందో మాత్రం తేల్చుకోలేదు, ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు. నువ్వు భువనేశ్వర్‌లో చదువుతూ సెలవులకి వచ్చినప్పుడు, భోజనాల దగ్గర, వేటపక్షుల పిల్లలకి ఎముక లేని మాంసం పెడితే సున్నం చాలక ఎముకలు మెత్తబడి విరిగిపోతాయని, బొచ్చూ ఎముకా ఉన్న పిట్టనో ఎలకనో మొత్తంగా పెట్టాలని చెప్పావు. నేను కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాను. కూరలో ఉప్పెక్కువైందేమోనని మీ అమ్మ అడిగింది. మర్నాడు పొద్దున్న మౌసా దుకాణానికి వెళ్ళి చెప్పాను. ఆయన కొమ్ముకి కొబ్బరినూనె రాసి నిప్పుల సెగన పట్టి వంపు తీస్తున్నాడు. పట్టుకారు కింద పెట్టేశాడు. "అయితే నువ్వు జారవిడవలేదన్నమాట" అన్నాడు. "నువ్వు బిగించి కట్టలేదు" అన్నాను. చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తరవాత ఆయనే "మన ఝియ చెప్పింది కాబట్టి ఇక తెలిసింది" అన్నాడు. మన ఝియ అంటే మన కూతురు. మా ఇద్దరి మధ్య నలభై ఏళ్ళుగా ఉన్న ముల్లుని నువ్వు తీశావు తల్లీ, నీకు తెలియకుండానే. అందుకే ఆ చదువు కోసం నువ్వు అంత దూరం పోతానంటే నేను వద్దనలేకపోయాను.

వద్దనలేకపోయాను గానీ నాకు భయం లేకపోలేదు. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక డేగని పట్టడం, పెంచడం నేరం. మా తప్పు జరిగిన మరుసటి ఏడే ఆ చట్టం వచ్చింది, రావడం మంచిదే అయింది. అక్కడ అలా కాదు, అక్కడది వాళ్ళ తాతముత్తాతల విద్య. 2010లో యునెస్కో మానవజాతి వారసత్వంగా గుర్తించినప్పుడు 11 దేశాలు కలిసి అడిగాయట, 2021కి అవి 24 అయ్యాయి. మంచిదే. కానీ మీ దగ్గరికి వచ్చే పెద్ద జాతి సాకర్ డేగ అడవిలో అంతరించిపోయే జాబితాలో ఉందని నువ్వే చెప్పావు. దొంగతనంగా పట్టి సరిహద్దులు దాటించేవాళ్ళున్నారు. అక్కడ 2002 నుంచి డేగలకి పాస్‌పోర్టులు ఇస్తున్నారు కదా, ఆ కాగితం లేని పక్షిని ఎవరైనా తెస్తే, తెచ్చినవాడు ఎంత దగ్గరివాడైనా, వాడి చేతి గహ్వా కాఫీ నువ్వు ఎన్నిసార్లు తాగినా, నోరు మూసుకోకు. పక్షికి ముందు వైద్యం చెయ్యి, తరవాత చెప్పాల్సిన చోట చెప్పు. అంతకంటే నేను నిన్ను కోరేదేమీ లేదు.

డేగల వాళ్ళు అందరూ ఒకేలాంటి వాళ్ళని మాత్రం అనుకోకు. అమెరికా సంగతి నీకు తెలిసిందే అయినా చెప్తాను, ఎందుకంటే మౌసాకి చెప్పినప్పుడు ఆయన రెండోసారి చెప్పించుకున్నాడు. డీడీటీ అనే పురుగుమందు పొలాల్లోంచి పురుగుల్లోకి, పిట్టల్లోకి, అక్కణ్ణుంచి భైరిలోకి చేరి, గుడ్డు పెంకు పలచబడి తల్లి పొదగడానికి కూర్చుంటేనే చిట్లిపోయేది. 1960లు సగమయ్యేసరికి ఆ దేశం తూర్పు వైపు గూడు కట్టే జంట ఒక్కటీ లేకుండా పోయింది. 1970లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో టామ్ కేడ్ అనే ప్రొఫెసర్, ఆయనా చిన్నప్పట్నించీ డేగల్ని ఎగరేసినవాడే, పిల్లల్ని పెంచి వదిలే పని మొదలుపెట్టాడు. పిల్లలు కావాలంటే ముందు జంటలు కావాలి కదా. డేగల వాళ్ళు తమ చేతుల మీద పెంచుకున్న పక్షుల్ని తెచ్చి ఇచ్చారు. 1999లో ఆ జాతి ప్రమాదం జాబితాలోంచి బయటపడింది. పెంచుకున్న పక్షిని అలా ఇచ్చేసి ఖాళీ చేత్తో ఇంటికి వెళ్ళడం ఎంత కష్టమో నీకు తెలుసు. మీ హాల్లో ఈక ఇచ్చినాయన కూడా వాళ్ళ కోవలోని వాడే అని నాకనిపిస్తుంది.

కాబట్టి వెళ్ళు. మీ అమ్మకి ఎడారిలో రాత్రుళ్ళు చలి అని దిగులు, ఊలు శాలువా ఒకటి సంచిలో పెట్టింది. పొద్దున్నే పక్షి ముఖం మీది తోలు టోపీ, వాళ్ళు బుర్‌ఖు అంటారన్నావు, అది తీసే క్షణంలో ఆ పెద్దాయన ముఖం చూడు, పక్షిని కాదు. తాత కూడా పక్షి లేని ఉత్త చేత్తో ఆ టోపీ తీసి చూపించేవాడు, అప్పుడు ఆయన ముఖం ఎలా ఉండేదో నాకు గుర్తుంది. అక్కడా అలాగే ఉంటుందో లేదో వచ్చాక చెప్పు.

ఇంకొక పని. మౌసాకి కుడికంట్లో శుక్లం ముదిరింది, పండగ వెళ్ళాక ఆపరేషన్. చూపు సగమే ఉన్నా చేతులు మాత్రం ఆగలేదు. ఈకలో దూర్చే పుల్ల దేనితో చేస్తారని నన్ను నాలుగుసార్లు అడిగాడు. వెదురు, లోహం రెండూ వాడతారని నువ్వు చెప్పిందే చెప్పాను. లోహం బరువు కదా, వెదురు చీలుతుంది కదా అని ఆయన బెంగ. గేదె కొమ్ము అయితే ఈకలాగే వంగి మళ్ళీ లేస్తుందని, గోరూ ఈకా కొమ్మూ ఒకే పదార్థమని వాదిస్తున్నాడు. వేళ్ళతో తడుముకుంటూ ఆకురాయి పట్టి, గుండ్రంగా ఉంటే లోపల తిరిగిపోతుందని మూడు పలకలుగా చెక్కి, అగ్గిపుల్లకంటే సన్నటివి ఆరు చేశాడు. కందిపొడి సీసాకి చుట్టిన గుడ్డలో చిన్న అగ్గిపెట్టె ఉంది, అందులో ఉన్నాయి. పారెయ్యకు. ఆ పెద్దాయనకి చూపించి, లావు సరిపోతుందో, ఇంకా ఎంత తియ్యాలో అడిగి కొలత పంపించు. ఆపరేషన్‌కి ముందే తెలిస్తే ఇంకో ఆరు చేస్తానంటున్నాడు.

ఉంటాను తల్లీ,
నాన్న