శుక్రవారం పేపర్లో సముద్రానికీ ఒక గడి కావాలి

సంపాదకులకు నమస్కారం.

సెలవులు దగ్గరపడితే చాలు, పత్రికల విహారం పేజీల్లో 'జనం తాకిడి లేని బీచ్‌లు' అంటూ రంగుల బొమ్మలు వస్తున్నాయి. సూర్యలంక, విశాఖ ఆర్కే బీచ్ కిక్కిరిసిపోతున్నాయి కాబట్టి చీరాల వాడరేవుకో, బందరు మంగినపూడికో, పేరుపాలేనికో, కళింగపట్నానికో, బారువకో పొమ్మని రాస్తున్నారు. రాయాల్సిందే. హైదరాబాద్‌లో రాత్రి రైలెక్కితే వీటిలో చాలా ఊళ్లకు తెల్లారేసరికో, కాస్త పొద్దెక్కేసరికో చేరుకోవచ్చు. గోవా ఖర్చులో నాలుగో వంతుకే రెండు రోజులు గడిచిపోతాయి. కానీ ఆ వ్యాసాల్లో దూరం ఉంటుంది, గది అద్దె ఉంటుంది, ఏ చేప తినాలో ఉంటుంది. నీళ్ల సంగతి మాత్రం ఉండదు. జనం లేని బీచ్ అంటే చాలాచోట్ల లైఫ్‌గార్డు కూడా లేని బీచే. ఆ ముక్క చెప్పకుండా పిల్లాపాపలున్నవాళ్లను అక్కడికి పంపకూడదనే ఈ ఉత్తరం.

ఆ సమాచారం కోసం మీ విలేకరులు తీరందాకా పోనక్కర్లేదు. అది మన హైదరాబాద్ ప్రగతినగర్‌లోనే ఉంది. భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, అందరూ ఇన్‌కాయిస్ అనే సంస్థ, 1999 నుంచి ఈ నగరంలోనే పనిచేస్తోంది. 2007 నుంచి సునామీ హెచ్చరికలూ ఇక్కడి నుంచే వెళ్తున్నాయి. ఏ తీరంలో అల ఎంత ఎత్తు లేస్తుంది, ఏ వైపు నుంచి వస్తుంది, ప్రవాహం ఎలా ఉంటుంది అన్నది రోజూ అక్కడ లెక్కగడతారు. వేటకు వెళ్లే మత్స్యకారులు ఆ సూచనలు చూసుకుంటారు. 'సముద్ర' పేరుతో ఫోన్లో యాప్ కూడా ఉంది. అదే నగరం నుంచి కారేసుకుని సూర్యలంకకు బయల్దేరే కుటుంబానికి మాత్రం ఆ కబురు అందడం లేదు. మీ పత్రికలో బంగారం ధరకూ, ఎండ డిగ్రీలకూ చోటుంది. శుక్రవారం ఒక్కరోజు సముద్రానికి రెండంగుళాల గడి ఇవ్వండి.

ఆ గడిలో ఏముండాలంటే, మొదటిది అల ఎత్తు. దాని పక్కనే అలకూ అలకూ మధ్య ఎన్ని సెకన్లు అన్నది తప్పకుండా ఉండాలి. ఎత్తు ఒక్కటే వేస్తే మనిషి మోసపోతాడు. ఆరు సెకన్లకొకటి వచ్చే మీటరు అల గాలి రేపిన అల. చూడ్డానికి గజిబిజిగా ఉన్నా దాని బలం అంతంతే. అదే మీటరు అల పద్నాలుగు సెకన్లకొకటి వస్తుంటే అది ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో గాలివానకు పుట్టి, రోజుల తరబడి ప్రయాణం చేసి వచ్చిన అల. ఒడ్డు మీదికి చాలా నీటిని ఎక్కించి అంతే బలంగా వెనక్కి లాక్కుపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి లేని రోజున కూడా సముద్రం ఉన్నట్టుండి ముందుకు రావడానికి కారణం ఇదే. ఒడ్డున నిలబడి చూసేవాళ్లకు అది ముందుగా తెలిసే దారి లేదు. తెలిసేది లెక్కగట్టేవాళ్లకే.

రెండోది పోటు, పాటు, అంటే సముద్రపు నీరు ఒడ్డు మీదికి పెరగడం, వెనక్కి తీయడం. దీనికి మన పంచాంగమే సగం దారి చూపుతుంది. పౌర్ణమికీ అమావాస్యకీ అటూ ఇటూ రెండు మూడు రోజులు పోటు ఎక్కువ, పాటూ ఎక్కువే. అష్టమి దగ్గర రెండూ తక్కువ. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఇవాళ ఉదయం ఎనిమిదికి పోటు వస్తే రేపు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఇక కార్తీక పౌర్ణమి సంగతి చూడండి. సముద్ర స్నానానికి వేలమంది దిగే రోజు అది. పోటుపాట్లు పెద్దగా ఉండే రోజూ అదే. పైగా అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం కాబట్టి అడుగున ఇసుక కదిలిపోయి, నెల క్రితం మోకాలి లోతున్న చోట గుంట పడి ఉండవచ్చు. 'పోయినేడు ఇక్కడే దిగాం' అన్న ధీమా ఆ వారంలో పనికిరాదు.

నీళ్లు మనిషిని ఎలా లాగుతాయో కూడా ఒక్కసారి బొమ్మ వేసి వివరించండి. ఒడ్డుకు కాస్త దూరంలో నీటి అడుగున, తీరం పొడవునా ఇసుక మిట్ట ఉంటుంది. అలలు దాని మీద విరిగి తెల్లగా నురగ కడతాయి. మిట్ట దాటి ఒడ్డు వైపు చేరిన నీరు తిరిగి పోవాలి కదా, మిట్ట ఎక్కడ తెగి ఉంటే అక్కడికి చేరి, వాగులా సముద్రంలోకి పారుతుంది. ఆ చోట లోతెక్కువ కాబట్టి అల విరగదు. పైనుంచి చూస్తే రెండు పక్కలా తెల్లటి నురగ, మధ్యన పది ఇరవై మీటర్ల మేర కాస్త నల్లగా, నిమ్మళంగా ఉన్న పాయ. పిల్లల్ని ఆడించడానికి వచ్చినవాళ్లు అలలు లేవు కదా అని సరిగ్గా ఆ పాయలోకే దింపుతారు. చాలా ప్రాణాలు పోయేది ఇలాంటి చోటే. అక్కడ నీరు సెకనుకు మీటరు వేగం అందుకుంటే మామూలు ఈతగాడు ఎదురీదలేడు.

కాబట్టి దిగేముందు కాస్త ఎత్తున్న చోట నిలబడి పది నిమిషాలు నీళ్లను చూడాలి. అనుమానం ఉంటే ఒక కొబ్బరి డొక్క విసిరి చూడాలి. ఒడ్డుకు కొట్టుకొస్తే సరే. నేరుగా లోపలికి సాగిపోతుంటే అక్కడ కాలు పెట్టకూడదు. పొరపాటున అందులో పడితే ఒడ్డు వైపు ఈదడమే చేయకూడని పని. ఒడ్డు కళ్లముందే కనిపిస్తుంటుంది, బలమంతా అక్కడే అయిపోతుంది. వెల్లకిలా తేలుతూ ఒక చెయ్యి పైకెత్తి కేక వేయాలి. ఆ పాయ మనిషిని అడుగుకు లాగదు, దూరానికి మాత్రమే లాగుతుంది, నురగ గీత దాటాక నెమ్మదిస్తుంది. అప్పుడు తీరానికి సమాంతరంగా నాలుగు బారలు పక్కకు ఈది, నురగ కనిపించే చోటి నుంచి అలలతో పాటే ఒడ్డుకు రావాలి. కాపాడబోయేవాళ్లు ఉత్త చేతులతో దూకకూడదు. చేతులు పట్టుకుని గొలుసుగా దిగడం అంతకన్నా ప్రమాదం. ఒకరు జారితే మిగతావాళ్లూ జారతారు. మూత బిగించిన ఖాళీ ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ ఒక మనిషిని తేల్చి ఉంచుతుంది. కారులో అదీ, ముప్పై అడుగుల తాడూ ఉంటే విసరడానికి పనికొస్తాయి. 112, తీర పోలీసుల 1093, కోస్ట్‌గార్డ్ 1554 నంబర్లు ఆ గడి కిందే ముద్రించండి.

ఇక ఊళ్లు. ఒక్కో ఊరి నేల ఒక్కో రకం, 'ప్రశాంతమైన బీచ్' అని అన్నిటికీ ఒకే మాట సరిపోదు. బందరు దగ్గర మంగినపూడిలో తెల్లటి ఇసుక కోసం వెతక్కూడదు. నల్లమట్టి నేల, నీళ్లు కాస్త బురదగా, చాలా దూరం లోతు లేకుండా ఉంటాయి. ఆ లోతులేనితనాన్ని నమ్మి జనం మరీ లోపలికి పోతారు. పోటు మొదలైతే వెనక్కి నడవాల్సిన దూరమూ అంతే ఎక్కువ. అయినా హైదరాబాద్ వాళ్లు ఒక్కసారైనా చూడాల్సిన ఊరు బందరు. మన నగరం నడిబొడ్డున పోయే 65వ నంబరు జాతీయ రహదారి విజయవాడ మీదుగా పోయి అక్కడే ముగుస్తుంది. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండకు సముద్రమంటే బందరే. 1611లో ఇంగ్లిషు వర్తకులు దిగిందీ అక్కడే. డచ్చివాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. పక్కనే పెడనలో కలంకారీ అద్దకం. 1864 ఉప్పెనలో దాదాపు ముప్పై వేలమందిని పోగొట్టుకున్న ఊరు కూడా అదే, కాబట్టి తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు అటు బయల్దేరడం ఎంత తప్పో వేరే చెప్పనక్కర్లేదు.

చీరాలకు వెళ్లేవాళ్లు బీచ్ పక్కన గదుల కోసం పోటీపడకుండా ఊళ్లో దిగడం మేలు. వాడరేవు ఏడు కిలోమీటర్ల లోపే. మధ్యాహ్నం వేళ మగ్గాల దగ్గర కుప్పడం చీర నేత చూడవచ్చు. దగ్గర్లోనే మోటుపల్లి. ఇప్పుడు చిన్న పల్లె, కాకతీయుల కాలంలో మహా రేవు. ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే రాజులు లాక్కునే ఆచారాన్ని మాన్పించి, సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం అక్కడిదే. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రం మీదికి వచ్చేవాళ్ల మీద దయతో ఈ మాట ఇస్తున్నానని అందులో ఉంది. సుంకం ముప్పయ్యో వంతు. విహారం పేజీలో ఆ శాసనానికి నాలుగు వాక్యాలు పెడితే మా పిల్లలు దాని కోసమే చీరాల వెళ్తామంటారు.

నరసాపురం వైపు అంతర్వేది, పేరుపాలెం బాగుంటాయి. కానీ అంతర్వేది దగ్గర అన్నాచెల్లెళ్ల గట్టు నిలబడి చూసే చోటు, దిగే చోటు కాదు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే తావు అది. పాటు సమయంలో నది నీరూ, సముద్రం నీరూ ఒకే దిక్కుకు లాగుతాయి. దివిసీమలో కృష్ణ కలిసే హంసలదీవికీ, వంశధార కలిసే కళింగపట్నానికీ ఇదే మాట. నదీముఖంలో స్నానం చేయవద్దని ప్రతి వ్యాసంలో ఒక వాక్యం ఉండాలి. హంసలదీవిలో గుడి దగ్గర సముద్రం కనిపించదు, పాలకాయతిప్ప మీదుగా వెళ్లాలి. అటు ఇసుకలో కారు దింపకండి. చిన్న కారు చక్రం ఒకసారి తిరిగి గుంట చేసుకుందంటే యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ లోపలికే పోతుంది. అప్పుడు ఇంజిన్ ఆపి, చక్రాల ముందు ఇసుక తోడి, టైర్ల గాలి సగానికి సగం దించి, మ్యాట్లు పరచి మెల్లగా లాగించాలి. పోటు వచ్చేలోపు ఇదంతా అయిపోవాలి.

ఉప్పాడకు జమ్దానీ చీరల కోసం వెళ్లాలి, స్నానానికి కాదు. అక్కడ సముద్రం ఊరినే కోసేస్తోంది, ఒడ్డంతా పోసిన బండరాళ్లు పాకుడు పట్టి ఉంటాయి. సముద్రం పొంగితే కాకినాడ రోడ్డు కూడా మూసేస్తారు. శ్రీకాకుళం బారువ దూరం కాబట్టి రెండు రాత్రులైనా పెట్టుకోవాలి. సోంపేటలో దిగి వెళ్లవచ్చు. జనవరి నుంచి మార్చి దాకా ఆ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఒక్కోటి వందకు పైగా పెట్టి ఇసుక కప్పి పోతుంది. పిల్లలు బయటికి రావడానికి యాభై రోజుల దాకా పడుతుంది. అవి వెలుగున్న వైపు నడుస్తాయి కాబట్టి రాత్రి ఒడ్డున కారు దీపాలు, సెల్‌ఫోన్ లైట్లు వేస్తే సముద్రం అటు అనుకుని ఊరివైపు పోయి చచ్చిపోతాయి.

ఏ ఊరైనా నీళ్లలో దిగడానికి ఉదయం ఆరు నుంచి తొమ్మిది మంచిది. మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, నేల మీద అస్తమిస్తాడు. కాబట్టి సాయంత్రం ఐదు దాటాక నీళ్ల మీద వెలుగు త్వరగా తగ్గిపోతుంది, తల పైకెత్తిన మనిషి కూడా కనిపించడు. మధ్యాహ్నం నేల కాగడంతో సముద్రపు గాలి ఊపందుకుని అలలు గజిబిజి అవుతాయి. ఆ వేళ ఊళ్లో తిరగాలి.

వేసవిలో వెళ్లేవాళ్లకు ఇంకొకటి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఇంజిన్ పడవలకు వేట నిషేధం. మే నెలలో పళ్లెంలోకి వచ్చే వంజరం, చందువ ఐసులో దాచినదైనా అయ్యుండాలి, ఇంజిన్ లేని తెప్ప మీద తెచ్చిందైనా అయ్యుండాలి. మొప్ప తెరిచి ఎర్రగా ఉందో లేదో చూసి కొనాలి. చెరువు రొయ్యలకు ఆ ఇబ్బంది లేదు. ఒడ్డున అలివి వల లాగుతుంటే ఆ తాడు దాటి నడవవద్దు. లాగేవాళ్లు ఉత్త కాళ్లతో ఇసుకలో వెనక్కి వెనక్కి అడుగులేస్తారు. మనం పగలగొట్టి పారేసిన సీసా పెంకు దిగేది ఆ పాదాల్లోనే.

గడి ఎలా ఉంటే చాలో నమూనాగా రాస్తున్నాను: 'సూర్యలంక. అల 1.2 మీటర్లు, 9 సెకన్లు. పోటు ఉదయం 8.10, రాత్రి 8.35. తిథి ద్వాదశి. హెచ్చరిక లేదు.' ఇలాంటి వరుసలు ఎనిమిదో పదో. హెచ్చరిక ఉన్న వరుసను ఎర్ర అక్షరాల్లో వేయండి. శుక్రవారం ఎందుకంటే హైదరాబాద్ వాళ్లు రైలెక్కేది ఆ రాత్రే. కార్తీక మాసానికి ముందు వారం నుంచే మొదలుపెడితే పౌర్ణమి స్నానాలకు బయల్దేరేవాళ్లకు అది చేతిలో ఉంటుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
నిజాంపేట, హైదరాబాద్