ఒకే పంచమం, రెండు చోట్ల

ఒరేయ్ మామా,

జాబు రాయలేదని అలిగుంటావు, ఈసారికి క్షమించెయ్. అక్క సీమంతం, దాని వెనకే నాన్న కంటి ఆపరేషన్, అసలు తీరిక చిక్కలేదు. అందరూ బాగున్నారు. వానలకు కపిలతీర్థం ధార భలే దూకుతోంది, నువ్వుంటేనా... సరే, అవన్నీ తర్వాత.

నువ్వు వదిలేసిపోయిన యుకులేలే, అదే ఆ నాలుగు తీగల బుల్లి గిటారు, దాని మీద మోహన రాగం వాయిస్తున్నాన్రా! పాశ్చాత్య స్వరం 'సి' (C) ని మన షడ్జమం అనుకో. నాలుగో తీగ నుంచి ఒకటో తీగ దాకా వరసగా ప, స, గ, ద. నాలుగూ మోహనంలోవే! పైగా నాలుగో తీగ మంద్రం కాదు, గాంధారం కంటే పైన పలుకుతుంది. అసలు మజా అంతా అక్కడే ఉంది.

స్వరాలు కంప్యూటర్‌లో ఎక్కిస్తే సాఫ్ట్‌వేర్ దానంతటదే ట్యాబ్, అంటే ఏ స్వరానికి ఏ తీగ, ఏ మెట్టు నొక్కాలో చూపే పట్టీ, వేసిచ్చింది. ఆరోహణలో పంచమానికి రెండో తీగ మూడో మెట్టు చూపించింది. నాకు ఒళ్ళు మండింది. నాలుగో తీగ ఊరికే మీటితే వచ్చే పంచమం కోసం, రెండో తీగ మీద ఇంకా మోగుతున్న గాంధారాన్ని ఆపేస్తామా? పై షడ్జమం కూడా అంతే, ఒకటో తీగ మూడో మెట్టంది, ధైవతం గొంతు నొక్కేసింది. ఆ షడ్జమాన్ని నాలుగో తీగ అయిదో మెట్టుకి మార్చా. ఇప్పుడు గ, ప, ద ఒకదాని మీద ఒకటి మోగుతుంటే గుడిగంటలేరా! పక్కపక్క స్వరాలను వేర్వేరు తీగల మీద మోగనిచ్చే ఈ పద్ధతి, 1674లో స్పెయిన్ గిటారు విద్వాంసుడు గాస్పర్ సాంజ్ అచ్చు వేయించిన పాఠాల్లోనే ఉంది. మన కాలంలో జాన్ కింగ్ అనే వాద్యకారుడు దీన్ని యుకులేలేకి తెచ్చాడు.

అసలు సంగతి ఇప్పుడు చెప్తా విను. అవరోహణలో పంచమానికి సాఫ్ట్‌వేర్ చెప్పిన చోటే సరైంది! షడ్జమం నాలుగో తీగ మీదుంది కదా, అక్కడే పంచమం మీటితే అది ఆగిపోతుంది. అందుకని ప రెండో తీగ మూడో మెట్టు, గ మూడో తీగ నాలుగో మెట్టు. స, ద, ప, గ నాలుగు తీగల మీదా మోగుతాయి, మూడు వేళ్ళూ ఏటవాలుగా హాయిగా కూర్చుంటాయి. ఎక్కేటప్పుడు ఒక చోటు, దిగేటప్పుడు ఇంకో చోటు. సాఫ్ట్‌వేర్ ఒక్కో స్వరాన్నీ విడిగా చూసి, ఒకటో తీగ నుంచి వెతుక్కుంటూ పలికే మొదటి తీగ మీద పెట్టేస్తుంది. ముందు ఏది మోగుతోందో దానికి పట్టదు. అది చెవి ఉన్నవాడే తేల్చాలి.

 

గమకం, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం, దాని సంగతి వేరే. నొక్కని తీగ మీద జారు ఎక్కడొస్తుంది? రి నుంచి గ కి జారాలంటే మూడో తీగ మీదే రెండో మెట్టు నుంచి నాలుగుకి పోవాలి. అంటే అక్కడ మళ్ళీ ఒకే తీగ మీదే ఉండాలి...

పై రిషభం ఒకటో తీగ అయిదులోనా, నాలుగో తీగ ఏడులోనా? నువ్వే చెప్పాలి. బావ కింద హారన్ కొడుతున్నాడు, రేణిగుంట స్టేషన్‌కి పోవాలి. ఉంటా.