ఆటోమేటిక్ కారు వచ్చింది, కానీ పిల్లలకు ముందు గేర్ల బండే

హన్మకొండలో మా డ్రైవింగ్ స్కూల్‌కు వచ్చేవాళ్లందరికీ నమస్తే. మీలో చాలామంది ఎప్పటినుంచో అడుగుతున్న ఆటోమేటిక్ కారు ఈ నెల తెచ్చాం. ఏఎంటీ రకం, అంటే గేర్లు యంత్రమే మార్చుకునే హ్యాచ్‌బ్యాక్. నేర్పేవాళ్ల వైపు కూడా బ్రేక్ బిగించాం, క్లాసులు మొదలయ్యాయి. దాంతోపాటే ఒక నిర్ణయం తీసుకున్నాం. 18 నుంచి 25 ఏళ్ల లోపు పిల్లలు ఎవరు చేరినా మొదట గేర్ల బండి (కాలితో క్లచ్ తొక్కి, చేత్తో గేర్లు మార్చేది) మీదే నేర్చుకోవాలి. అది చేతికి వచ్చాకే ఆటోమేటిక్ ఎక్కిస్తాం.

ఈ మాట చెప్పగానే కొందరు తల్లిదండ్రులు నొచ్చుకున్నారు. "మేం కొన్నదే ఆటోమేటిక్, మా బిడ్డకు క్లచ్‌తోని ఏం పని సార్" అని ఒకరు అడిగారు. "పైసలు కట్టేది మేము, మేం చెప్పింది నేర్పాలె గదా" అని ఇంకొకరు అన్నారు. అడగాల్సిన మాటలే. అందుకే కారణాలన్నీ దాచకుండా రాస్తున్నాను.

మొదటి కారణం లైసెన్సు. టూవీలర్‌కు మన చట్టంలో గేర్ ఉన్న బండికి వేరు, గేర్ లేని బండికి వేరు. స్కూటీకి మాత్రమే లైసెన్సు తీసుకున్న అమ్మాయి బైక్ నడపకూడదు. కారు దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా లేదు. ఎల్‌ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) అని ఒక్కటే రాసిస్తారు. ఆటోమేటిక్‌లో టెస్టు ఇచ్చి పాసైన పిల్లవాడు జన్మలో క్లచ్ తొక్కకపోయినా తెల్లారే గేర్ల బండి తీసుకుని రోడ్డెక్కవచ్చు. ఎవరూ ఆపరు. ఇంగ్లండ్‌లో అలా కుదరదు. అక్కడ ఆటోమేటిక్‌లో పాసైతే ఆటోమేటిక్ మాత్రమే నడపాలి. జర్మనీలో 2021 ఏప్రిల్ నుంచి కొంత వెసులుబాటు ఇచ్చారు. ఆటోమేటిక్‌లో టెస్టు ఇచ్చినా రెండూ నడపవచ్చు, కానీ గేర్ల బండి మీద కనీసం పది క్లాసులు చేసి, డ్రైవింగ్ స్కూల్ వాళ్లు నడిపించి చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి. మన దగ్గర అలాంటి అడ్డు ఏదీ లేదు కాబట్టి ఆ బాధ్యత నేర్పేవాళ్ల మీదే పడుతుందని నేను నమ్ముతున్నాను.

ఇది కాగితాల మీద గొడవ కాదు. మీ ఇంటి ముందు ఆటోమేటిక్ ఉండవచ్చు. పరకాల దగ్గర ఊళ్లో మీ బాబాయి ఇంటి ముందున్నది గేర్ల బండి. రాత్రి పదకొండింటికి తాతకు ఛాతీలో నొప్పి వస్తుంది, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపోవాలి. బాబాయి ఊళ్లో లేడు. "నీకు లైసెన్సు ఉంది గదరా, తియ్యి బండి" అంటారు అందరూ. అంతమంది ముందు "నాకు గేర్లు రావు" అనే ధైర్యం పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి ఉంటుందా? తెలిసీ తెలియని చేత్తోనే తీస్తాడు. నాకు భయం ఇక్కడే. పెళ్లికి పోయినప్పుడు దోస్తు కారు, పొలం దగ్గర మామ పికప్, ఎక్కడైనా ఇదే జరుగుతుంది.

ఇక నేర్చుకునే పద్ధతి సంగతి. గేర్ల బండిలో కొత్తవాడు తప్పు చేస్తే చాలావరకు బండి బంద్ పడుతుంది. క్లచ్ గబుక్కున వదిలితే ఒక కుదుపు ఇచ్చి ఆగిపోతుంది. వెనక హారన్లు మోగుతాయి, చెమటలు పడతాయి, అంతే. ఆటోమేటిక్‌లో అలా ఆగదు. డి (డ్రైవ్) లో వేసి బ్రేక్ మీద కాలు తీస్తే చాలు, మెల్లగా కదులుతూనే ఉంటుంది. కంగారులో బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ తొక్కితే ముందున్న గోడ దాకా ఆగదు. ఆటోమేటిక్ చెడ్డదని నేను అనడం లేదు. ఎదుటి బండి ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంతో వస్తోంది అన్న అంచనా ఇంకా రాని వయసులో రెండో రోజుకే హంటర్ రోడ్డు మీద హాయిగా పోగలగడం మంచిది కాదంటున్నాను. క్లచ్ వాళ్లను మొదటి వారం నెమ్మదిగా ఉంచుతుంది. ఆ నెమ్మదిలోనే అద్దాలు చూడటం, ముందు ఆటో ఎటు తిరుగుతుందో కనిపెట్టడం అలవాటవుతాయి.

ఎత్తు మీద బండి తీయడం చూడండి. మా దగ్గర నేర్చుకున్న ప్రతి ఒక్కరికీ కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి గుర్తుంటుంది. సాయంత్రం పూట బ్రిడ్జి ఎక్కుతూ సగంలో ట్రాఫిక్ ఆగుతుంది. వెనక ఆర్టీసీ బస్సు ఆనుకుని ఉంటుంది. అప్పుడు హ్యాండ్ బ్రేక్ వేసి, ఫస్ట్ గేర్ పెట్టి, కొద్దిగా రేస్ ఇచ్చి, క్లచ్‌ను మెల్లగా పైకి వదలాలి. ఒక చోటికి రాగానే ఇంజన్ శబ్దం కొంచెం బరువెక్కుతుంది, బానెట్ కొద్దిగా పైకి లేచినట్టు అనిపిస్తుంది. బండి బరువును ఇంజన్ పట్టుకుంది అని అర్థం. అక్కడ కాలు ఆపి హ్యాండ్ బ్రేక్ దించితే ఒక్క అంగుళం కూడా వెనక్కి రాదు. ఆ పట్టు పాదానికి తెలిసిన రోజు పిల్లల ముఖం చూడాలి. అప్పటిదాకా ఉన్న టెన్షన్ అంతా పోతుంది. ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ తీయగలగాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోనే రాశారు. టెస్టులో చూడాల్సిన అంశాల్లో అదొకటి.

"మా కారులో హిల్ హోల్డ్ ఉంది, అదే పట్టుకుంటది" అంటారు కొందరు. ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా దానంతటదే ఆపే ఏర్పాటు అది. పట్టుకుంటుంది, రెండు మూడు సెకన్లు. ఆ తర్వాత?

ఏఎంటీ కార్లు కొన్నవాళ్లకు ఇంకో మాట. మారుతి సెలెరియోతో 2014లో మన దేశంలోకి వచ్చిన రకం ఇది. తక్కువ ధర ఆటోమేటిక్‌లు ఎక్కువగా ఇవే. వీటిలో క్లచ్ పెడల్ లేదు గానీ క్లచ్ ఉంది. లోపల మామూలు గేర్‌బాక్సే ఉంటుంది. మన కాలు, చెయ్యి చేసే పని అక్కడ యంత్రం చేస్తుంది. బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో బ్రేక్ తొక్కకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టేవాళ్లను రోజూ చూస్తుంటాను. అలా చేస్తే లోపల క్లచ్ రుద్దుకుని వేడెక్కుతుంది, ప్లేట్ అరిగిపోతుంది. హాఫ్ క్లచ్ (క్లచ్ సగమే వదిలి ఉంచడం) అంటే ఏంటో కాలికి తెలిసినవాళ్లు ఆ పని చేయరు. పైగా చాలా ఏఎంటీల్లో పి (పార్కింగ్) ఉండదు. ఎత్తు మీద పార్క్ చేస్తే గేర్‌లో ఉంచి ఆపి, హ్యాండ్ బ్రేక్ లాగాలి. న్యూట్రల్‌లో వదిలి దిగేవాళ్లకు ఇది ఎవరూ చెప్పినట్టు లేదు.

పని కోసం నేర్చుకునే పిల్లలకైతే ఆలోచించాల్సిన అవసరమే లేదు. ఎల్‌ఎంవీ లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా బండ్లు కూడా నడపవచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చే పిల్లల్లో చాలామంది చూసేది ఈ ఉపాధినే. ఎనుమాముల మార్కెట్ ముందు నిలబడి చూడండి. మిర్చి, పత్తి దింపే చిన్న ట్రాలీలు, పికప్‌లు దాదాపు అన్నీ గేర్ల బండ్లే. మన కుర్రాళ్లు మొదట కొనుక్కునే సెకండ్‌హ్యాండ్ కార్లూ ఎక్కువగా అవే.

అమెరికా పోయే పిల్లలకు మాత్రం అక్కడ గేర్ల బండి దొరకడమే కష్టం. వాళ్లకు ఆటోమేటిక్ క్లాసులు కొన్ని ఎక్కువ చేస్తాం.

అవతలి వైపు మాట కూడా నిజమే. కరెంటు కార్లు పెరుగుతున్నాయి, వాటిలో గేర్లు మార్చే పనే లేదు. ఇంకో పదిహేనేళ్లకు ఈ చదువు అక్కర్లేకపోవచ్చు. మేడారం జాతరకు పస్రా దాటి తాడ్వాయి దాకా అంగుళం అంగుళం కదిలేటప్పుడు ఎడమ కాలు పీకుతుంటే ఆటోమేటిక్ ఎంత సుఖమో నాకూ తెలుసు. కానీ ఈ రోజు లైసెన్సు తీసుకునే పిల్లవాడు ఈ రోజున్న రోడ్ల మీద, ఈ రోజున్న బండ్లతోనే కదా బతకాలి.

డబ్బు సంగతి కూడా రాయాలి. క్లాసులు ఎక్కువ అవుతాయని గేర్ల బండి అంటున్నానని కొందరు అనుకోవచ్చు. ఏది నేర్చుకున్నా ఫీజు ఒకటే. నేర్పే బండికి క్లచ్ ప్లేట్లు ఎంత తొందరగా పోతాయో మెకానిక్ షెడ్డుకు పోయినవాళ్లకు తెలుసు. అందర్నీ ఆటోమేటిక్ ఎక్కించి పంపిస్తే నాకే ఖర్చు తక్కువ. ఈ నిర్ణయం విని చేరకుండా వెళ్లిపోయినవాళ్లున్నారు. ఇంకా కొందరు వెళ్తారు. దానికి సిద్ధపడే తీసుకున్నాను.

25 దాటినవాళ్లు మీకు నచ్చింది ఎంచుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, ఎడమ కాలికి ఇబ్బంది ఉన్నవాళ్లు, నలభై దాటాక పిల్లల్ని స్కూల్‌కు దింపడానికి నేర్చుకుంటున్న అమ్మలు నేరుగా ఆటోమేటిక్‌లో చేరవచ్చు. కాలికి సమస్య ఉంటే వయసు ఎంతైనా సరే, ఈ షరతు మీకు వర్తించదు. ఒక్క మాట చెప్పండి చాలు, కాగితాలు అడగను.

పిల్లల క్లాసులు ఇలా ఉంటాయి. నియమాల ప్రకారం శిక్షణ 21 రోజులకు తగ్గకూడదు, బండి నడిపే సమయం 10 గంటలకు తగ్గకూడదు. వారంలో నేర్పేస్తామని మేం చెప్పం. మొదటి రెండు వారాలు గేర్ల బండి, చివరి వారం ఆటోమేటిక్. ఆ చివరి వారంలో ముఖ్యంగా నేర్పేది ఎడమ కాలిని వెనక్కి పెట్టుకుని కూర్చోవడం. గేర్ల అలవాటుతో క్లచ్ అనుకుని ఎడమ కాలితో బ్రేక్ గట్టిగా తొక్కేస్తారు, వెనక వచ్చే బండి గుద్దుతుంది. ఆర్టీఏ టెస్టు మాత్రం గేర్ల బండిలోనే ఇప్పిస్తాం. లెర్నింగ్ వచ్చిన 30 రోజుల తర్వాతే టెస్టుకు వెళ్లగలరు, లెర్నింగ్ ఆరు నెలలు చెల్లుతుంది. కాబట్టి తొందర అక్కర్లేదు.

ఆటోమేటిక్ మాత్రమే అనుకుని ఇప్పటికే ఫీజు కట్టిన పిల్లలకు ఇచ్చిన మాట తప్పను. అదే నేర్పుతాం. కావాలంటే గేర్ల బండి క్లాసులు అదనపు ఫీజు లేకుండా కలుపుతాం, పొద్దున ఆరింటి బ్యాచ్‌లో ఖాళీ ఉంది. ఇది ఇష్టం లేక మానేస్తామంటే వాడుకోని క్లాసుల డబ్బు తిరిగిస్తాను. ఈ ఆదివారం లోపు ఆఫీసుకు వచ్చి చెప్పండి.